తుఫాను గాలుల్లో దూరపు సైకిల్ యాత్ర చివరి మజిలీ: ఆగాలా, సాగాలా?

దూరపుబాట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సామాను సంచులతో చాలా వారాలుగా సాగుతున్న నా సైకిల్ యాత్రలో ఇక సుమారు 170 కిలోమీటర్లు మాత్రమే మిగిలాయి. మామూలు వాతావరణంలో ఇది రెండు రోజుల తీరికైన ప్రయాణం. అయితే తీరానికి దగ్గరలో ఒక వాయుగుండం బలపడుతోందనీ, రేపు మధ్యాహ్నం మొదలుకొని రెండు రోజుల పాటు గంటకు 35 నుంచి 45 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయనీ, విసురుగా వీచినప్పుడు ఆ వేగం 65 వరకు చేరవచ్చనీ, ఉరుములతో భారీ వర్షాలు పడతాయనీ వాతావరణ సూచన చెబుతోంది.

మిగిలిన దారిలో మొదటి సగం చెట్ల మధ్యగా, చిన్న చిన్న ఊళ్ల మీదుగా పోతుంది. రెండో సగం సముద్రం పక్కన కట్ట మీద నడిచే రోడ్డు. అక్కడ గాలికి అడ్డం అంటూ ఏమీ లేదు. చివర్లో నది సముద్రంలో కలిసే చోట ఒక పొడవైన వంతెన కూడా దాటాలి. నాది ఉక్కు చట్రం సైకిలు, చక్రపు అంచును పట్టే రిమ్ బ్రేకులు, ముందు రెండు, వెనుక రెండు సంచులు. తిరుగు ప్రయాణానికి ముందు కొద్ది రోజుల వెసులుబాటు ఉంది కానీ అది ఎక్కువేమీ కాదు.

వర్షంలో తొక్కడం నాకు కొత్త కాదు, గాలి సంగతే తెలియదు. సామానుతో ఉన్న సైకిలును ఎంత గాలి వరకు నడపవచ్చు, ఎక్కడ దిగిపోవాలి అన్నదానికి అనుభవజ్ఞులు పాటించే హద్దు ఏదైనా ఉందా? కట్ట మీద ఉండగా ఉరుములు మొదలైతే ఏం చేయాలి? మరొకటి, ఇది కొంచెం మనసుకు సంబంధించిన ప్రశ్న: ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చి చివరి ముక్కను బస్సులో దాటితే ఆ యాత్ర పూర్తయినట్టేనా?

గాలివాటం

మీ ప్రశ్నలో అసలు విషయాన్ని మీరే పట్టుకున్నారు. వర్షం ఇబ్బంది పెడుతుంది, కానీ మనిషిని రోడ్డు మీద పడదోసేది గాలే. కాబట్టి వాతావరణ సూచనలో వర్షం ఎన్ని మిల్లీమీటర్లు అన్నది కాకుండా గాలి ఏ దిక్కు నుంచి వీస్తుంది, విసురు ఎంత అన్న రెండింటిని ముందు చూడండి. సూచనలో చెప్పే గాలి వేగం కొన్ని నిమిషాల సగటు. విసురు దానికంటే ఒకటిన్నర రెట్లు ఉండడం సాధారణం. సగటు గాలి ఎంత కష్టపడాలో చెబుతుంది, విసురు పడతామో లేదో చెబుతుంది.

ఎదురుగాలి లెక్క చాలామందికి ఊహకు అందదు. గాలి నిరోధం మనకు తగిలే గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే తగిలే గాలి రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. నిశ్చలమైన గాలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే సామాను సైకిలు, అంతే శ్రమతో 35 కిలోమీటర్ల ఎదురుగాలిలోకి వెళ్తే గంటకు సుమారు 6 లేదా 7 కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ వేగంతో మీ కట్ట రోడ్డు 85 కిలోమీటర్లు దాటడానికి పన్నెండు గంటలకు పైగా పడుతుంది. అంటే పగలు చాలదు. నా దృష్టిలో ఎదురుగాలిలోని ప్రమాదం ఇదే: అది మిమ్మల్ని పడదోయదు, మీరు అనుకోని వేళకు, అనుకోని చోటికి, అలసిన ఒంటితో చేరుస్తుంది.

పక్కగాలి సంగతి వేరు. మనిషి, సైకిలు, సంచులు కలిసి పక్కనుంచి సుమారు ఒక చదరపు మీటరు అడ్డం అనుకుంటే, 40 కిలోమీటర్ల గాలి ఏడున్నర కిలోల బలంతో, 60 కిలోమీటర్ల విసురు దాదాపు పదిహేడు కిలోల బలంతో పక్కకు నెడుతుంది. ఇది స్థూలమైన లెక్కే అయినా పరిస్థితి అర్థమవుతుంది. ఆ బలం స్థిరంగా ఉంటే గాలి వైపు వాలి తొక్కవచ్చు. సమస్య అది ఉన్నట్టుండి వచ్చి ఉన్నట్టుండి ఆగడంలో ఉంది. గాలి వైపు వాలి ఉన్నప్పుడు పక్కనుంచి పెద్ద లారీ దాటితే ఒక్క క్షణం గాలి తెగిపోతుంది, సైకిలు లారీ వైపు తూలుతుంది, లారీ దాటగానే తిరిగి విసురు తగులుతుంది. గోడలు, ఇళ్ల వరుస, చెట్ల తోపు అయిపోయే చోట కూడా ఇదే జరుగుతుంది.

నేను పాటించే హద్దు చెబుతాను, ఇది నియమం కాదు, నా నిర్ణయం మాత్రమే. సామానుతో ఉన్నప్పుడు పక్కగాలి విసురు 50 దాటుతుందంటే వాహనాలు తిరిగే తెరపి రోడ్డు మీదికి వెళ్లను. 60 దాటితే ఎలాంటి రోడ్డైనా వెళ్లను. సైకిలు పోతున్న గీత నుంచి అర మీటరు పక్కకు జరిగిపోతుంటే, సూచన ఏం చెప్పినా దిగిపోయే వేళ వచ్చినట్టే. గాలి బలాన్ని స్థాయిలుగా చెప్పే బ్యూఫోర్ట్ కొలమానంలో గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఆరో స్థాయి, అంటే పెద్ద కొమ్మలు ఊగుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. 62 నుంచి 74 వరకు ఎనిమిదో స్థాయి, చెట్ల రెమ్మలు విరిగిపడతాయి, నడవడమే కష్టమవుతుంది. చేతిలో కొలత సాధనం లేకపోయినా చెట్లను చూసి గాలిని అంచనా వేయవచ్చు.

ఇక ఆగడం గురించి. మీరు ఎదుర్కొనేది విడి ఉరుముల మేఘమా, వాయుగుండమా అన్న తేడాను గుర్తుపెట్టుకోండి. ఒక విడి మేఘం సాధారణంగా అరగంట నుంచి గంటలోపు తన పని ముగించుకుంటుంది. దాని కోసం ఏదైనా భవనంలో గంటసేపు కూర్చుంటే సరిపోతుంది. వాయుగుండం ఒకటి రెండు రోజులు ఉంటుంది, అందులో గంట ఆగి మళ్లీ బయలుదేరడం వల్ల పెద్దగా లాభం లేదు. అయితే వాయుగుండం కదులుతూ ఉంటుంది కనుక గాలి దిక్కు కూడా మారుతుంది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం మీ ఎడమ వైపు, కొంచెం ముందుకు ఉంటుంది. దక్షిణార్ధగోళంలో కుడి వైపు. 1857లో డచ్చి వాతావరణ శాస్త్రవేత్త బైస్ బాలట్ ప్రకటించిన ఈ సూత్రంతో, సూచనలోని పటాన్ని పక్కన పెట్టుకుని, కేంద్రం ఎటు కదులుతోందో, రేపు మీకు గాలి ఎటు నుంచి తగులుతుందో మీరే తేల్చుకోవచ్చు. ఈరోజు ఎదురుగాలిగా ఉన్నదే ఎల్లుండి వెనుకగాలి కావచ్చు. అప్పుడు ఒక రోజు ఆగినవారికీ ఆగకుండా తొక్కినవారికీ గమ్యం చేరే వేళలో పెద్ద తేడా ఉండదు.

ఉరుముల విషయంలో మాత్రం బేరమాడే అవకాశం లేదు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించడానికి ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్కించవచ్చు. ముప్పై సెకన్లు అంటే పది కిలోమీటర్లు. అంత దూరం నుంచి కూడా పిడుగు మీ దగ్గర పడగలదు. అసలు ఉరుము వినిపించిందంటేనే మీరు పిడుగు పడే పరిధిలో ఉన్నట్టు. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది వట్టి మాట, కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకు వచ్చిన విద్యుత్తుకు వేలెడు రబ్బరు ఒక అడ్డంకి కాదు. గోడలు, పైకప్పు, వైరింగు ఉన్న భవనం గానీ, అద్దాలు మూసిన లోహపు పైకప్పు గల వాహనం గానీ రక్షణ ఇస్తుంది. బస్సు కోసం కట్టిన తెరపి రేకుల షెడ్డు, ఒంటరి చెట్టు ఇవ్వవు. చివరి ఉరుము విన్న తరువాత 30 నిమిషాలు ఆగి బయలుదేరాలి. మీ కట్ట మీద ఇలాంటి ఆశ్రయాలు లేవంటున్నారు కనుక, అక్కడ ఉరుములు మొదలైతే ఏం చేయాలన్న ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఉరుములు వచ్చే పూట కట్ట మీదికి వెళ్లకపోవడమే జవాబు.

తడిచక్రం

గాలివాటం గారు చెప్పినదానికి సైకిలు వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను.

ముందుగా రిమ్ బ్రేకులు. తడి రిమ్‌ను పట్టినప్పుడు ప్యాడ్లు మొదట నీటిని తుడవాలి, ఆ తరువాతే ఘర్షణ మొదలవుతుంది, అందుచేత నొక్కిన వెంటనే ఏమీ జరగనట్టు ఉండి, తరువాత ఒక్కసారిగా పట్టేస్తాయి. వర్షంలో ఆగవలసిన చోటికి బాగా ముందు నుంచే బ్రేకును లైట్‌గా ఆనించి రిమ్‌ను తుడుస్తూ ఉండండి. బురద, ఇసుక కలిసిన నీరు ప్యాడ్లను ఆశ్చర్యం కలిగించేంత వేగంగా అరగదీస్తుంది. పొడి వాతావరణంలో నెలల తరబడి నిలిచిన ప్యాడ్లు ఏటవాలు రోడ్ల మీద ఒక్క గట్టి వానరోజులో సగం అయిపోవడం నేను చూశాను. ప్యాడ్లలో ఇరుక్కున్న రాళ్ల నలుసులను, లోహపు ముక్కలను ఈరాత్రే సూదితో తీసేసి, ఒక జత అదనంగా సంచిలో పైనే పెట్టుకోండి.

టైర్ల విషయంలో ఒక అపోహ ఉంది. నీటి మీద కారు టైరు తేలినట్టు సైకిలు టైరు తేలదు. టైరులోని గాలి ఒత్తిడికీ, టైరు నీటి మీద తేలే వేగానికీ మధ్య ఉన్న సంబంధాన్ని బట్టి చూస్తే, 50 పౌండ్ల గాలి ఉన్న టైరు తేలాలంటే గంటకు 100 కిలోమీటర్లు దాటాలి. మనం జారిపడేది నీటి వల్ల కాదు, నీటి కింద ఉన్న వాటి వల్ల: రోడ్డు మీద వేసిన రంగు గీతలు, ఇనుప మూతలు, వంతెనల మీద లోహపు అతుకులు, రాలిన ఆకులు, చాలా రోజుల తరువాత పడిన మొదటి వానకు పైకి తేలిన నూనె జిడ్డు. వీటిని నిటారుగా, బ్రేకు నొక్కకుండా, హ్యాండిల్ తిప్పకుండా దాటాలి. అతుకు రోడ్డుకు ఏటవాలుగా ఉంటే దాన్ని వీలైనంత అడ్డంగా కోసుకుంటూ వెళ్లండి. టైర్లలో గాలి మామూలుకంటే కొద్దిగా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది.

పంక్చర్లు వానలోనే ఎక్కువ అవుతాయి. నీరు చెత్తనంతా రోడ్డు అంచుకు తోస్తుంది, తడి రబ్బరును గాజుముక్క తేలికగా కోస్తుంది. వానలో ప్యాచ్ అతకదు, జిగురు పట్టదు. కాబట్టి కనీసం రెండు మంచి ట్యూబులు సిద్ధంగా ఉంచుకుని, ప్యాచ్‌లు వేసే పని పైకప్పు కిందికి చేరాకే పెట్టుకోండి.

సంచుల గురించి: ముందు సంచులు హ్యాండిల్‌తో పాటు తిరుగుతాయి కనుక పక్కగాలి వాటి మీద పడితే నేరుగా చక్రాన్ని తిప్పుతుంది. ముందు సంచుల్లో బరువైన చిన్న వస్తువులు అడుగున పెట్టి, ఉబ్బుగా ఉండే దుస్తులు, పరుపు వంటివన్నీ వెనక్కి మార్చండి. క్యారియర్ పైన ఎత్తుగా కట్టిన మూట ఉంటే దాన్ని విప్పి సంచుల్లోకి దించండి. వేలాడే పట్టీలన్నీ బిగించి కట్టేయండి. చక్రంలోకి పోయిన ఒక్క పట్టీ చాలు యాత్ర అక్కడే ఆగడానికి. సంచి మీద నీరు చొరదని రాసి ఉన్నా నమ్మకుండా లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి మూతి మెలిపెట్టి కట్టండి.

దీపాలు పగలు కూడా వెలగాలి. వెనుక దీపం రెండు చోట్ల ఉంటే మంచిది, ఎందుకంటే ఒకదానికి సంచి గానీ వానకోటు అంచు గానీ అడ్డం వస్తుంది. అద్దం తుడిచే వైపర్ల మధ్య నుంచి, పొగమంచు పట్టిన అద్దంలోంచి చూసే డ్రైవరుకు మనం ఎంత ఆలస్యంగా కనిపిస్తామో ఒకసారి వానలో కారు నడిపితే తెలుస్తుంది.

సాగిపో

ఇక్కడ భయపెట్టేవారే ఎక్కువగా ఉన్నారు. నేను ఎన్నో వానాకాలాలు రోడ్డు మీదే గడిపాను. 45 కిలోమీటర్ల గాలి అనేది ప్రపంచం ముగిసిపోయే గాలి కాదు. ముందు గాలి దిక్కు చూడండి. అది వెనుకనుంచి వీస్తే మీరు 170 కిలోమీటర్లను ఒక్క రోజులో ఎగిరిపోయినట్టు పూర్తిచేస్తారు. ఆగి కూర్చుంటే కాళ్లు బిగుసుకుంటాయి, ఉత్సాహం చల్లారుతుంది. గాలి పెరగక ముందే, అంటే రేపు తెల్లవారకముందే బయలుదేరి చెట్లున్న సగం దూరాన్ని పూర్తిచేయండి. మిగతాది అక్కడికి చేరాక చూసుకోవచ్చు.

గాలివాటం

తెల్లవారకముందే బయలుదేరి చెట్లున్న సగాన్ని పూర్తిచేయాలన్న సాగిపో గారి సూచనతో ఏకీభవిస్తాను. నేలమీద గాలి సాధారణంగా తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం ఎక్కువగా ఉంటుంది, విడి ఉరుముల మేఘాలు కూడా నేల మీద ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే లేస్తాయి. అయితే వాయుగుండం దగ్గర పడ్డాక ఈ రోజువారీ లయ చెదిరిపోతుంది. అప్పుడు రాత్రీ పగలూ ఒక్కటే.

వెనుకగాలి విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. వెనుకగాలి వీపుకు తగలదు కనుక అది ఎంత బలంగా ఉందో తెలియదు, ఆగి వెనక్కి తిరిగినప్పుడు మాత్రమే తెలుస్తుంది. పైగా రోడ్డు ఒక వంపు తిరిగిందంటే అదే గాలి పక్కగాలి అవుతుంది, మీరు అప్పటికే గంటకు 35 కిలోమీటర్ల వేగంతో, తడి బ్రేకులతో ఉంటారు. పటంలో రోడ్డు వంపులను ముందే చూసుకుని, ప్రతి వంపుకు ముందు వేగం తగ్గించండి.

ముప్పైగంటలు

నేను కాలపరిమితితో సాగే దూరపు తొక్కుళ్లలో పాల్గొంటూ ఉంటాను కనుక శరీరం గురించీ, మీ మూడో ప్రశ్న గురించీ రాస్తాను. అందరూ గాలి, బ్రేకులు అంటున్నారు, చలి గురించి ఎవరూ చెప్పలేదు.

చలికి గడ్డకట్టే వాతావరణం అవసరం లేదు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. తడిసిన బట్టలతో, గాలిలో, 10 డిగ్రీల వద్ద కూడా ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. పొడి చర్మానికి కూడా 5 డిగ్రీల వద్ద 30 కిలోమీటర్ల గాలి తగిలితే సున్నా డిగ్రీలున్నట్టే తోస్తుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకంటే తగ్గితే అది వైద్యపరమైన అత్యవసర స్థితి. అంతకు ముందే లక్షణాలు కనిపిస్తాయి: ఆగని వణుకు, బ్రేకు పట్టని వేళ్లు, జిప్పు లాగలేకపోవడం, మాట తడబడడం, చివరికి దేని మీదా పట్టింపు లేకపోవడం. ఈ చివరిదే అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే నిర్ణయం తీసుకోవలసిన బుర్రే ముందుగా మొద్దుబారుతుంది. ఒంటరిగా ఉన్నవారికి ఒక సులువైన పరీక్ష ఉంది: బొటనవేలిని అదే చేతి చిటికెనవేలికి ఆనించి చూడండి. అది చేతకాకపోతే వెంటనే పైకప్పు కిందికి వెళ్లి తడి బట్టలు మార్చుకోవాలి.

కొండ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు, ఆగినప్పుడు చలి కొడుతుంది. 1988 జూన్ 5న ఇటలీ సైకిల్ పందెంలో 2,600 మీటర్లకు పైన ఉన్న గావియా కనుమను మంచుతుఫానులో దాటిన రోజు దీనికి పెద్ద ఉదాహరణ. శిఖరానికి అందరికంటే ముందు చేరిన యోహాన్ వాన్ డెర్ వెల్డె తగిన బట్టలు లేక దిగుడులో చలికి తాళలేక ఆగిపోయాడు, గమ్యానికి చేరేసరికి ముప్పావు గంటకు పైగా వెనుకబడ్డాడు. ఆరోజు ఉదయమే వెచ్చని బట్టలు సమకూర్చుకున్న జట్టుకు చెందిన ఆండీ హాంప్‌స్టెన్ మొత్తం పందెంలో ముందున్నవాడు తొడిగే గులాబీ చొక్కా దక్కించుకుని, చివరికి పందెమే గెలిచాడు. అక్కడ తేడా తెచ్చింది కాళ్ల సత్తువ కాదు, చేతి తొడుగులూ టోపీ.

మీ విషయంలో దీని అర్థం ఏమిటంటే, ఒక జత బట్టలను ఎట్టి పరిస్థితుల్లోనూ తొక్కేటప్పుడు తొడగకుండా, పొడిగా, సంచి అడుగున ఉంచాలి. నూలు బట్టలు తడిస్తే ఒంటి వేడిని పీల్చేస్తాయి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. మోకాళ్ల దాకా వేలాడే కప్పుకునే వానకోటు మామూలు వానకు హాయి గానీ, ఈ గాలిలో అది తెరచాప అవుతుంది, దాన్ని వాడవద్దు. ఒంటికి అతుక్కునే కోటు వేసుకోండి. లోపల చెమట పడుతుంది, పట్టనివ్వండి. తడిసినా వెచ్చగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఆకలి వేయకపోయినా ప్రతి గంటకూ ఏదో ఒకటి తినండి, తిండి తగ్గితే ఒళ్లు వణుకు ద్వారా వేడిని పుట్టించలేదు.

ఇక యాత్ర పూర్తయినట్టా కాదా అన్న ప్రశ్న. పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగి పారిస్ చేరే 1,200 కిలోమీటర్ల తొక్కుడుకు ఎక్కువమందికి 90 గంటల గడువు ఉంటుంది. 2007లో ఎడతెగని వానగాలుల వల్ల అక్కడ మామూలుకంటే చాలా ఎక్కువమంది మధ్యలోనే విరమించుకున్నారు. వారికి ఆగడమంటే ఓడడమే, ఎందుకంటే గడియారం ఆగదు. మీ యాత్రకు గడియారం లేదు, ఉన్నదల్లా తిరుగు ప్రయాణపు తేదీ, దాన్ని ఒక రోజు జరపడానికి వీలుందేమో ముందు చూడండి. వీలు లేదనుకుందాం. 2013లో మిలాన్ నుంచి సాన్ రేమోకు జరిగే వృత్తిపరమైన పందెంలో మంచు వల్ల నిర్వాహకులే పందెగాళ్లను బస్సుల్లో ఎక్కించి, కనుమను దాటించి, అవతల మళ్లీ పందెం మొదలుపెట్టారు. ఆ పందెంలో గెలిచినవాడి పేరు విజేతల పట్టికలో మిగతావారి పేర్ల వరుసలోనే ఉంది. తరువాత అంతర్జాతీయ సైకిల్ సమాఖ్య విపరీత వాతావరణంలో పందెం ఆపడానికీ, దారి మార్చడానికీ ఒక విధానాన్నే రాసిపెట్టింది. బతుకుతెరువు కోసం తొక్కేవారికి చెల్లినది మీకెందుకు చెల్లదు? అయినా ఆ ఖాళీ మనసులో ముల్లులా గుచ్చుకుంటుందని మీకు ముందే తెలిస్తే, బస్సు కంటే ఆగడమే మీకు సరైన దారి. బస్సెక్కి తరువాత ఏళ్ల తరబడి దాని గురించి వివరణలు ఇచ్చుకునేవారిని నేను చూశాను.

ఒక్క అలవాటు మాత్రం తప్పక పాటించండి. తడిసి, చలిగా, రాత్రి వేళ, ఆకలితో ఉన్నప్పుడు సాగాలా మానాలా అన్న నిర్ణయం తీసుకోకండి. ముందు పైకప్పు, పొడి బట్టలు, తిండి, నిద్ర, నిర్ణయం తరువాత.

దూరపుబాట

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు సూచనను మళ్లీ చదివాను. గాలి రేపు సాయంత్రం వరకు సముద్రం వైపు నుంచి, అంటే కట్ట రోడ్డుకు పూర్తిగా పక్కనుంచి వీస్తుంది. ఎల్లుండి రాత్రికి కేంద్రం భూమి మీదికి వచ్చి బలహీనపడుతుంది, ఆ మర్నాడు గాలి 20 కిలోమీటర్లకు తగ్గి దాదాపు నా వెనుకనుంచి ఉంటుంది. కనుక రేపు తెల్లవారుజామున బయలుదేరి, చెట్ల మధ్య సగాన్ని మధ్యాహ్నంలోపు ముగించి, కట్ట మొదలయ్యే ఊరిలో వాయుగుండం దాటేవరకు ఆగాలని నిర్ణయించుకున్నాను. తిరుగు ప్రయాణం ఒక రోజు జరపడానికి వీలు దొరికింది.

రెండు సందేహాలు మిగిలాయి. వాయుగుండం దాటిన వెంటనే ఆ రోడ్డు ఎలా ఉంటుంది? గాలి తగ్గినా వంతెన మీద మాత్రం ఎక్కువగా ఉంటే దిగి నడిపించుకుంటూ పోవడం మంచిదేనా?

తడిచక్రం

వాయుగుండం దాటిన మర్నాడు ఆకాశం శుభ్రంగా ఉంటుంది, రోడ్డు మాత్రం ఉండదు. మీరు ఆగిన ఊరిలో అటు నుంచి వచ్చే వాహనాల వారిని అడిగి తెలుసుకుని బయలుదేరండి. రోడ్డు మీద నీరు పారుతుంటే, అది లోతు తక్కువగా కనిపించినా దిగవద్దు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతుంటే చాలు పెద్ద మనిషిని పడేయగలదు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కార్లను తోసుకుపోతుంది. కదలకుండా నిలిచిన నీటిలో కూడా కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో, మూత లేని గుంత ఉందో కనబడదు. ముందు ఒక వాహనం దాటేదాకా ఆగి, దాని చక్రాలు పోయిన దారినే చూసి వెళ్లండి. తెగి వేలాడే విద్యుత్ తీగలుంటే కనీసం 10 మీటర్ల దూరంలోనే ఆగిపోండి. నేల తడిగా ఉన్నప్పుడు తీగను తాకనవసరం లేదు, దాని చుట్టూ ఉన్న నేలే ప్రమాదం. అక్కడినుంచి వెనక్కి రావడమే, పక్కనుంచి దూరిపోవడం కాదు.

వంతెన మీద గాలి కట్ట మీది కంటే ఎక్కువగానే ఉంటుంది, ఎత్తు పెరిగినకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. నడవడానికి సిగ్గుపడనక్కర లేదు. నడిచేటప్పుడు గాలి వచ్చే వైపు సైకిలును ఉంచి, దానికి అవతల మీరు ఉండండి. అప్పుడు గాలి సైకిలును మీ నడుముకు ఆనిస్తుంది, రెండో వైపు ఉంటే చేతుల్లోంచి లాక్కుంటుంది. రెండు చేతులూ బ్రేకుల మీద ఉంచండి. అయితే గాలి మిమ్మల్ని వాహనాలు తిరిగే వైపుకు నెడుతుంటే, పాదచారుల దారికి గట్టి అడ్డుగోడ లేకపోతే, నడక కూడా క్షేమం కాదు. వంతెనకు ఇవతలే ఆగి, ఖాళీగా పోయే చిన్న లారీని అడిగి సైకిలుతో సహా దాటడం ఉత్తమం.

గమ్యం చేరిన రోజే చేయవలసిన పని ఒకటుంది, అలసటలో అందరూ దాన్ని మరుసటి రోజుకు వాయిదా వేస్తారు. కట్ట మీద మీకు తగిలేది వాన నీరు మాత్రమే కాదు, గాలి మోసుకొచ్చిన ఉప్పు నీరు కూడా. సైకిలును మంచినీటితో, ఒత్తిడి లేని ధారతో కడగండి. జోరుగా కొట్టే పైపును హబ్బుల వైపు, పెడల్ ఇరుసు వైపు పెడితే ఉప్పు లోపలికే పోతుంది. చైనును గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేయండి. సీటు గొట్టాన్ని బయటికి తీసి సైకిలును తలకిందులుగా కొంతసేపు ఉంచితే చట్రంలో చేరిన నీరు కారిపోతుంది. ఉక్కు చట్రం లోపలి నుంచే తుప్పు పడుతుంది కనుక ఈ పని చేయకుండా సైకిలును తిరుగు ప్రయాణం కోసం పెట్టెలో పెట్టి మూయవద్దు.

దూరపుబాట

సీటు గొట్టం సంగతి నాకు తట్టేది కాదు. బ్రేకు ప్యాడ్లు ఇప్పుడే తీసి చూశాను, ఎడమ వైపు దానిలో రెండు లోహపు ముక్కలున్నాయి, తీసేశాను. ముందు సంచులు కూడా తిరిగి సర్దాను. తెల్లవారుజామున నాలుగింటికి ఉరుములు వినిపించకపోతే బయలుదేరతాను, వినిపిస్తే ఇక్కడే ఉంటాను.